కొండ ఇంట విస్తరి ముందు: అపోహలు – వాస్తవాలు

చలికాలం వచ్చిందంటే వంజంగి కొండ మీది మేఘాలు చూడటానికి మైదానం కార్లన్నీ పాడేరు దారి పడతాయి. 2022 ఏప్రిల్‌లో పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లాకు కేంద్రమయ్యాక రాకపోకలు ఇంకా పెరిగాయి. వచ్చినవాళ్లలో కొందరికి ఆదివాసీల ఇళ్లలో భోజనానికి పిలుపూ అందుతుంది. వెళ్లేవాళ్ల మనసు మంచిదే అయినా, వెంట తీసుకెళ్లే అపోహలు ఆ ఇంటివాళ్లను నొప్పిస్తాయి.

అపోహ: బొంగులో చికెన్ ఇక్కడి రోజువారీ తిండి. అడిగితే సంతోషంగా చేసిపెడతారు.

వాస్తవం: అరకు, అనంతగిరి, మారేడుమిల్లి దారుల్లో కనిపించే బొంగు చికెన్ దుకాణాలు పర్యాటకుల కోసం వెలసినవి. ఇళ్లలో తినేది చోడి (రాగి) అంబలి, వరి అన్నమో సామన్నమో, దానిలోకి పప్పో ఆకుకూరో. వానాకాలంలో వెదురు కొమ్ములు. పెరట్లో తిరిగే కోడి ఆ ఇంటికి ఆస్తి. సంతలో అమ్మితే ఉప్పూ నూనే వస్తాయి, లేదా అది దేవతకు మొక్కుకున్నదై ఉండొచ్చు. దాన్ని కోయమని అతిథి అడగడం కంటే మోటుతనం లేదు. వాళ్లంతట వాళ్లే కోసి వండితే, మీకు చేసిన మర్యాద ఎంతటిదో తెలుసుకుని తినండి.

అపోహ: జీలుగు కల్లు ఇస్తే తాగి తీరాలి, లేకపోతే అవమానం.

వాస్తవం: తాగనివాళ్లు ఆ ఊళ్లోనూ ఉంటారు. డొప్పలో పోయకముందే ‘నాకు అలవాటు లేదమ్మా’ అంటే సరిపోతుంది. పోయించుకుని, వాసన చూసి మొహం చిట్లించడమే అవమానం.

అపోహ: కొండల్లో కట్టుబాట్లుండవు. చెట్టున ఉన్నది కోసుకోవచ్చు, వండినది అడిగి తినొచ్చు.

వాస్తవం: అన్నిటికన్నా పెద్ద పొరపాటు ఇదే. మామిడి, సామ, చిక్కుడు వంటి కొత్త పంటలను ‘కొత్త’ పండగ చేసి, దేవతకు పెట్టాకే నోట పెట్టడం ఇక్కడి ఆచారం. పండగకు ముందు దారిపక్క కాయ తెంపి కొరికితే, మన ఇంట్లో నైవేద్యం పెట్టకముందే గారె ఎంగిలి చేసినట్టే. బలి వంటకాల విషయంలో పట్టింపు ఇంకా ఎక్కువ. ఒడిశా సరిహద్దు దాటితే వచ్చే కోరాపుట్‌లో గదబ ఆదివాసీల ఆచారాలపై మానవ శాస్త్రవేత్త పీటర్ బెర్గర్ రాసిన పుస్తకం 2015లో వచ్చింది. ‘త్సొరు’ అనే బలిభోజనం ఎవరెవరు తినాలో అక్కడ చుట్టరికాన్ని బట్టి ఖాయమై ఉంటుందని అందులో వివరించారు. కాబట్టి పండగనాడు ఏదైనా మీకు వడ్డించకపోతే అది లోటు చేసినట్టు కాదు. అడక్కండి. పిలవకుండా పొయ్యి దగ్గరికి వెళ్లకండి.

అపోహ: తిన్న అడ్డాకు విస్తరి ఎక్కడ పడేసినా ఫరవాలేదు.

వాస్తవం: ఆకు మట్టిలో కలుస్తుంది, మీ నీళ్ల సీసా కలవదు. విస్తరి ఎక్కడ వెయ్యాలో అడిగి వెయ్యండి. ఆ ఆకులు అడవికి వెళ్లి ఏరుకొచ్చి, పుల్లలతో కుట్టినవి. విస్తరి నిండా పెట్టించుకుని సగం వదిలేయకండి.

అపోహ: లేచేటప్పుడు డబ్బు చేతిలో పెడితే రుణం తీరిపోతుంది.

వాస్తవం: హోమ్‌స్టేకి అద్దె ఉంటుంది, ఇవ్వాల్సిందే. చుట్టంగా పిలిచి పెట్టిన అన్నానికి ధర కట్టకూడదు. ఇవ్వాలనిపిస్తే వాళ్లింటికి వెళ్లేటప్పుడే సంతలో నూనె, ఉల్లిపాయలు కొని ఇంటి పెద్దావిడ చేతికి ఇవ్వండి. పిల్లలకు బిస్కెట్లు పంచుతూ ఫొటోలు దిగడం మానండి. తింటున్నవాళ్లను ఫొటో తీయాలనుకుంటే ముందు అడగండి. వద్దంటే ఫోను జేబులో పెట్టుకోండి.