తాజా అంజీర సంగతే వేరు

అంజీర అనగానే మన ఇళ్లలో గుర్తొచ్చేది తాడుకు గుచ్చి దండలా అమ్మే, చదునుగా అణిగిపోయిన ఎండు పండే. రాత్రి రెండు నానబెట్టి పొద్దున్నే తినమని పెద్దవాళ్లు చెప్పేది దాని గురించే. ఇప్పుడు పళ్ల దుకాణాల్లో, తోపుడు బళ్ల మీద చిన్న చిన్న డబ్బాల్లో ఊదారంగు తాజా అంజీరలు కూడా కనిపిస్తున్నాయి. ఎండుదానికి ఉన్న పేరంతా దీనికీ అంటగట్టి చాలామంది కొనుక్కెళ్తున్నారు. రెండూ ఒకే చెట్టువి. కానీ తినేటప్పుడూ వండేటప్పుడూ రెండింటినీ ఒక్కటిగా చూస్తే పొరబడతాం.

ముందు ఒక పండును నిలువునా కోసి చూడండి. తొక్క పలచగా ఉంటుంది. దాని వెనక దూదిలాంటి తెల్లటి పొర. ఆ లోపల తేనెలో తడిసినట్టున్న గులాబీరంగు పోగులు, కొసన ఇసుక రేణువంత గింజలతో, నాలుగువైపుల నుంచీ మధ్యకు వాలి ఉంటాయి. ఆ పోగు ఒక్కోటీ ఒక్కో పువ్వు. అంజీర చెట్టుకు పూత బయటికి కనపడదు, వందల పూలు ఈ సంచిలోనే పూస్తాయి. మనం పండు అంటున్నది నిజానికి లోపలికి ముడుచుకున్న పూలగుత్తి. దాని అడుగున సన్నటి కన్ను ఒకటి ఉంటుంది. లోపలికి పోవాలంటే అదొక్కటే దారి.

ఆ కన్ను చూడగానే మనకు మేడిపండు గుర్తొస్తుంది. మేడిపండు పొట్టలో పురుగులుంటాయన్న మాట వేమన పద్యంతో బడిలోనే మనసులో నాటుకుంటుంది కదా! మేడి, అంజీర దగ్గరి చుట్టాలే. అంజీరను సీమమేడి అని కూడా అంటారు. మేడిపండులో కనిపించేవి ఊరికే చేరిన పురుగులు కావు, పువ్వు నుంచి పువ్వుకు పుప్పొడి మోసే సన్నటి కందిరీగలు. అవి లేకపోతే ఆ చెట్టుకు విత్తనమే లేదు. అంజీరకూ అలాంటి కందిరీగ ఒకటుంది. కన్నులోంచి దూరేటప్పుడు దాని రెక్కలు ఊడిపోతాయి, మళ్లీ బయటికి రాలేదు.

అయితే అన్ని అంజీరలకూ దానితో పని లేదు. టర్కీలో పండే స్మిర్నా రకానికి మాత్రం అది ఉండి తీరాలి. 1880లలో ఆ మొక్కల్ని కాలిఫోర్నియాకు తీసుకెళ్లి నాటారు. చెట్లు ఏపుగా పెరిగాయి, పిందెలు వేశాయి, వేసినవి వేసినట్టే రాలిపోయాయి. 1899లో ఆ కందిరీగల్ని తెచ్చి తోటల్లో నిలదొక్కుకునేలా చేశాకే కాపు నిలిచింది. మన దగ్గర పండించే పూనా రకం అలా కాదు. పుప్పొడి అందకపోయినా దానంతట అదే పండు కడుతుంది. ఇలాంటి రకం మనిషికి ఎంత పాతదో చెప్పే ఆధారం ఒకటుంది. జోర్డాన్ లోయలోని గిల్గాల్ దగ్గర 11,400 ఏళ్ల నాటి మాడిన అంజీరలు దొరికాయి. అవి పుప్పొడి లేకుండా కాసిన రకమేనని 2006లో పరిశోధకులు ప్రకటించారు. మన పూనా రకానికి కందిరీగతో పని లేదు కాబట్టి దాన్ని తినేటప్పుడు పళ్ల కింద కరకరలాడేవి గింజలే, భయం అక్కర్లేదు. బాగా మగ్గిన పండు కన్నులోంచి చీమో పురుగో దూరొచ్చు కనుక కోసి చూసి తినడం మంచిది. ఆ మాట జామకాయకైనా అంతే.

పూణే దగ్గరి పురంధర్ అంజీరకు 2016లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఎండాకాలం కాపును అక్కడ మీఠా బహార్ అంటారు, తీపి దానిదే. కర్ణాటకలో బళ్లారి చుట్టుపక్కలా, మన అనంతపురం వైపూ తోటలున్నాయి. ఈ పంటతో ఉన్న కష్టమంతా కోతలోనే. మామిడికాయను కోసి గడ్డిలో మాగబెట్టినట్టు దీన్ని మాగబెట్టలేం. పచ్చిగా కోస్తే మెత్తబడుతుందేమోగానీ తీపి ఎక్కదు. చెట్టు మీదే పండనిచ్చి కోయాలి. అలా కోసింది రెండు మూడు రోజులకు మించి ఆగదు. మన అమ్మమ్మలకు ఎండు అంజీర తప్ప తాజాది తెలియకపోవడానికి కారణం ఇదే. కొనేటప్పుడు తొడిమ దగ్గర మెడ కాస్త వంగిన పండును, పట్టుకుంటే బరువుగా, మెత్తగా అనిపించేదాన్ని తీసుకోండి. తొక్క మీద సన్నటి చీలికలుంటే వదిలేయకండి, అవి బాగా పండిందనడానికి గుర్తు. పులిసిన వాసన వస్తే మాత్రం వద్దు. ఇంటికి తెచ్చాక ఒకదాని మీద ఒకటి పేర్చకుండా ఫ్రిజ్‌లో పెట్టి, తినే ముందే కడగాలి.

ఇక పోషకాల లెక్క. 100 గ్రాముల తాజా అంజీరలో దాదాపు 79 గ్రాములు నీళ్లే. శక్తి 74 కేలరీలు, చక్కెర 16 గ్రాములు, పీచు 3 గ్రాములు, కాల్షియం 35 మిల్లీగ్రాములు, పొటాషియం 230. అదే ఎండుదైతే 249 కేలరీలు, చక్కెర 48 గ్రాములు, పీచు దాదాపు 10, కాల్షియం 160 పైచిలుకు. ఎండితే కొత్తగా ఏదీ పుట్టుకురాదు. నీళ్లు పోతాయి, మూడు కిలోల పైచిలుకు పండు కిలోకు దిగుతుంది, మిగిలిందంతా చిక్కబడుతుంది. మంచీ చిక్కబడుతుంది, చక్కెరా చిక్కబడుతుంది. అంజీర తింటే రక్తం పడుతుందన్న మాట ఎక్కువగా వింటాం. 100 గ్రాముల తాజా పండులో ఇనుము అర మిల్లీగ్రాము కూడా లేదు, ఎండుదానిలో 2. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కన ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలి. రక్తం తక్కువైన ఆడపిల్లకు డాక్టరు రాసిన మాత్ర మాన్పించి రెండు అంజీరలు చేతిలో పెట్టడం ఆ పిల్లకు అన్యాయం. విటమిన్ సి కూడా ఇందులో నామమాత్రమే, దానికి జామకాయే దిక్కు. పీచు, నీరు, సన్నటి గింజలు కలిసి మలబద్ధకానికి మేలు చేస్తాయి, ఆ పేరు నిజమే. షుగరు ఉన్నవాళ్లు 50 గ్రాముల తాజా పండుకు 8 గ్రాముల చక్కెర చొప్పున లెక్క వేసుకుని తింటే సరిపోతుంది.

వంటలో దీనితో నాకు మొదట ఎదురైంది చేదు. తాజా పళ్లు పాలల్లో వేసి మిక్సీ తిప్పి, చుట్టాలొచ్చాక ఇద్దామని ఫ్రిజ్‌లో పెట్టాను. గంటన్నరకు తీసి చూస్తే పాలు పలుకులు పలుకులుగా విరిగి, నోట్లో పెట్టుకోలేనంత చేదెక్కాయి. పాలదీ పండుదీ తప్పు కాదు. అంజీర తొడిమ తుంచితే కారే తెల్లటి పాలలో ఫిసిన్ అనే ఎంజైమ్ ఉంటుంది. మాంసకృత్తుల్ని ముక్కలు చేయడమే దాని పని. పాలు తోడుకోవడానికి అంజీర పాలు వాడే సంగతి గ్రీకు కవి హోమర్ ఇలియడ్‌లోనే ఉంది. హైదరాబాద్‌లో మాంసానికి పచ్చి బొప్పాయి ముద్ద పట్టించేది కూడా ఇలాంటి గుణం కోసమే. విరుగుడు తేలికే: పండును ముక్కలు కోసి, చుక్క నీళ్లతో కుతకుతలాడేదాకా ఉడికించి, చల్లార్చి పాలల్లో కలపాలి. వేడికి ఎంజైమ్ చచ్చిపోతుంది. పెరుగులో పచ్చి ముక్కలు వేసుకుంటే వెంటనే తినేయాలి. జెలటిన్‌తో చేసే జెల్లీ పచ్చి అంజీరతో గట్టిపడదు. చైనా గ్రాస్ మాంసకృత్తు కాదు కాబట్టి దానితో చక్కగా నిలబడుతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది పెనం మీద చేసేది. పండును రెండు చెక్కలు చేసి, అర చెంచా నెయ్యి రాసిన పెనం మీద కోసినవైపు బోర్లించి, సన్నసెగన రెండు నిమిషాలు కదపకుండా వదిలేయాలి. అంచులు గోధుమరంగుకు తిరిగి తీపి పాకంలా ఊరుతుంది. పైన చిటికెడు యాలకుల పొడి, నాలుగు వేయించిన జీడిపప్పులు, ఒక్క ఉప్పు రవ్వ. మూడోరోజుకు మెత్తబడిపోయిన పళ్లుంటే జామ్ చేయండి, నిమ్మకాయ మాత్రం మరవకండి. అంజీరలో పులుపు తక్కువ. నిమ్మరసం లేని జామ్ సరిగా గడ్డకట్టదు, ఎక్కువ రోజులూ ఉండదు.

తొడిమ పాలు కొందరి చేతులకు దురద పెడతాయి. రబ్బరు గ్లవ్స్ పడనివాళ్లకు ఈ పండు కూడా పడకపోవచ్చు. పెరట్లో చెట్టు వేసుకున్నవాళ్లు ఆకులు దూసేటప్పుడు నిండు చేతుల చొక్కా వేసుకోవాలి. ఆ పాలు ఒంటి మీద పడి, దానిపై ఎండ తగిలితే చర్మం కాలినట్టు బొబ్బలెక్కుతుంది. పడిన వెంటనే సబ్బుతో కడిగేసుకుని నీడకు రావాలి.