ఒకే మీట, రెండు లిపులు
తీగ లేని కీబోర్డుతో ఫోనులో తెలుగు రాత

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాం ప్రాంతం మద్రాసు నుండి విడివడి అందులో చేరింది. బరంపురంలోని లంజిపల్లి మొదలు సరిహద్దు పల్లెల దాకా తెలుగు ఇళ్లలో మాట నిలిచింది. కాని ఒడియా, ఆంగ్ల మాధ్యమాలలో చదివే పిల్లలకు తెలుగు రాత దూరమవుతోంది. వారికి బడిలో అబ్బిన ఒడియా టైపింగే తెలుగు రాతకు దారి చూపగలదు.

జత కలపడం ఇలా

బ్లూటూత్ కీబోర్డుపై ఆ గుర్తున్న మీటను, దీపం మినుకుమినుకుమనే వరకు నొక్కి ఉంచాలి. ఫోను సెట్టింగులలో బ్లూటూత్ తెరిచి, కనిపించిన కీబోర్డు పేరును ఎంచుకోవాలి. ఫోను తెరపై అంకెలు కనిపిస్తే వాటిని కీబోర్డుపైనే కొట్టి ఎంటర్ నొక్కాలి. ఫోను తాను ఎంచుకున్న కీబోర్డుతోనే కలుస్తోందని ఈ సంకేతం రూఢి చేస్తుంది.

మీట నుండి అక్షరానికి

కీబోర్డు అక్షరాన్ని పంపదు, మీట సంఖ్యను మాత్రమే పంపుతుంది. ఆంగ్ల 'కె' మీట సంఖ్య 14. దానిని ఏ అక్షరంగా మార్చాలో ఫోనులో ఎంచుకున్న భాషా అమరిక నిర్ణయిస్తుంది. తెలుగు ఎంచుకుంటే యూనికోడ్‌లో 3093వ సంఖ్య గల తెలుగు 'క', ఒడియా ఎంచుకుంటే 2837వ సంఖ్య గల ఒడియా 'క' వస్తుంది.

ఒకే మీటకు రెండు భాషలలోనూ 'క' రావడం యాదృచ్ఛికం కాదు. కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో రూపొందించిన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో భారతీయ లిపులన్నిటికీ ఒకే వరస ఉంది. షిఫ్ట్‌తో 'డి', ఆపై 'సి', 'డి', 'సి' నొక్కితే తెలుగులో 'అమ్మ' అవుతుంది. అవే మీటలు ఒడియాలోనూ అదే పలుకునిస్తాయి. ఒడియాలో లేని హ్రస్వ 'ఎ', 'ఒ' వంటి కొద్ది అక్షరాల చోట్లు మాత్రమే కొత్తగా నేర్వాలి. ఫోను కీబోర్డు అమరికలలో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ లేకపోతే, ఆ సదుపాయం గల కీబోర్డు యాప్‌ను పెట్టుకోవాలి.

యాప్ రాసేవారికి

యాప్‌లు తయారుచేసే యువకులు ఒకటి గమనించాలి. మీట సంఖ్యను నేరుగా చదివి ఆంగ్లాక్షరంగా మార్చే కోడు రాస్తే తెలుగు రాదు. ఫోను అమరిక సిద్ధం చేసి ఇచ్చిన అక్షరాలనే యాప్ స్వీకరించాలి. ఫోనులోని మామూలు రాత పెట్టెను వాడుకుంటే ఆ పని దానంతటదే జరుగుతుంది.

ఒడియా టైపు చేయగల పిల్లవాడి వేళ్లకు తెలుగు సగానికి పైగా వచ్చినట్లే. ఇక అక్షరాల రూపాలను గుర్తుపట్టడం నేర్పవలసింది ఇంటి పెద్దలే.