గెస్ట్ లెక్చరర్లతో క్లాసులు నడుస్తాయి, పీహెచ్‌డీ సీట్లే తగ్గుతాయి

పీజీ అయింది, నెట్ కూడా వచ్చింది, పీహెచ్‌డీ సీటు మాత్రం దొరకడం లేదు. మన ఇళ్లలో తరచూ వినిపించే మాట ఇది. దీని వెనకున్న కారణాల్లో ఒకటి, యూనివర్సిటీల్లో ఏళ్ల తరబడి నింపని పర్మనెంట్ పోస్టులు.

తెలంగాణ ఏర్పడ్డాక రాష్ట్ర యూనివర్సిటీల్లో పెద్ద ఎత్తున రెగ్యులర్ నియామకాలు జరగలేదు. రిటైరైన వారి క్లాసులను కాంట్రాక్ట్, పార్ట్‌టైం, గెస్ట్ టీచర్లే చెబుతున్నారు. ఉమ్మడి నియామక బోర్డు బిల్లును 2022లో అసెంబ్లీ ఆమోదించినా గవర్నర్ దగ్గర ఆగిపోయింది. 2025 ఏప్రిల్‌లో నియామక మార్గదర్శకాలతో జీవో 21 వచ్చింది. ఏళ్లుగా పనిచేస్తున్న తమ సంగతేంటని కాంట్రాక్ట్ అధ్యాపకులు దాన్ని వ్యతిరేకించారు.

గెస్ట్ అంటే క్లాసు లెక్కన జీతం. యూజీసీ 2019లో క్లాసుకు రూ.1,500, నెలకు గరిష్ఠంగా రూ.50,000 అని చెప్పింది. అంటే 34 క్లాసులు దాటితే అదనంగా ఏమీ రాదు. పెన్షన్, గ్రాట్యుటీ లేవు. రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు మూలవేతనమే రూ.57,700తో మొదలవుతుంది, డీఏ, హెచ్‌ఆర్‌ఏ అదనం.

ఇక పీహెచ్‌డీ లెక్క. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం గైడ్‌గా ఉండాలంటే పర్మనెంట్ అధ్యాపకులై ఉండాలి. ఒకేసారి ప్రొఫెసర్ 8 మందికి, అసోసియేట్ 6 మందికి, అసిస్టెంట్ 4 మందికి గైడ్ చేయొచ్చు. ఒక డిపార్ట్‌మెంట్‌లో ఒక ప్రొఫెసర్, ఇద్దరు అసోసియేట్లు, నలుగురు అసిస్టెంట్లు ఉంటే 36 మంది వరకు చేరొచ్చు. ఆ నలుగురి స్థానంలో గెస్టులుంటే మిగిలేది 20. రిటైర్మెంట్‌కు మూడేళ్లలోపు ఉన్నవారు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు కాబట్టి అది ఇంకా తగ్గుతుంది.

మన పిల్లలకు ఇంకో నష్టం కూడా ఉంది. బీసీ-ఈ కింద ఉన్న 4 శాతం రిజర్వేషన్‌తో లెక్చరర్ కావాలంటే ముందు రెగ్యులర్ నోటిఫికేషన్ రావాలి. అది రాకపోతే ఆ 4 శాతం కాగితం మీదే ఉంటుంది.

కాంట్రాక్ట్ నియామకాలు మొత్తం పోస్టుల్లో 10 శాతం మించకూడదని యూజీసీ 2018 నిబంధన. 2025 జనవరిలో వచ్చిన ముసాయిదాలో ఆ పరిమితిని తీసేశారు. అదే ఏడాది ఆగస్టులో సుప్రీంకోర్టు మాత్రం, గుజరాత్‌లో నెలకు రూ.30,000కే పనిచేస్తున్న కాంట్రాక్ట్ అసిస్టెంట్ ప్రొఫెసర్లకు రెగ్యులర్ స్కేలులోని కనీస వేతనం ఇవ్వాలని ఆదేశించింది.

అందుకే అడ్మిషన్‌కు ముందు ఫీజుతో పాటు ఇంకో రెండు విషయాలు అడగాలి. ఆ డిపార్ట్‌మెంట్‌లో పర్మనెంట్ టీచర్లు ఎంతమంది? వారిలో కొత్త స్కాలర్లను తీసుకోగలిగేవారు ఎంతమంది? జవాబు రాకపోతే రూ.10 ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాల్సిందే.