ఇంటి గాలికి వడపోత

మదనపల్లె గాలికి చాలా కాలంగా మంచి పేరున్నది. సముద్రమట్టానికి 600 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న ఈ ప్రాంతపు పొడిగాలి క్షయరోగులకు మేలు చేస్తుందని తలచియే ఇక్కడి ఆరోగ్యవరంలో 1915లో శానిటోరియం ప్రారంభించారు. అయినా మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలలో తెల్లవారగానే వరుసగా తుమ్మేవారు, రాత్రివేళ పిల్లికూతలతో లేచి కూర్చునేవారు లేకపోలేదు. వానల తరువాత బీళ్ళలో పెరిగే వయ్యారిభామ పుప్పొడి, పట్టుగుడ్లు తయారుచేసే చోట్ల చిలుకల రెక్కల పొలుసు, పరుపులలోని దుమ్ముపురుగుల విసర్జనలు కొందరి శరీరానికి సరిపడవు. దీనినే ఎలర్జీ అంటాము.

ఇట్టివారు గాలిని వడపోసే యంత్రం కొనదలచినపుడు ఏమి చూడవలెను?

మొదటిది వడపోత పొర. హెపా అనే పొర 0.3 మైక్రాన్ల కణాలలో నూటికి 99.97 వంతులను పట్టగలదు. మైక్రాన్ అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. ఈ పొరను జల్లెడ అనుకోరాదు. దీని పోగుల మధ్య సందులు చాలావరకు కణాలకంటె పెద్దవే. గాలి పోగును చుట్టుకొని పోతుంది. బరువైన కణం ఆ మలుపు తిరగలేక పోగును ఢీకొని అంటుకుంటుంది. మిక్కిలి చిన్న కణం గాలి అణువుల తాకిడికి అటూ ఇటూ తూలుతూ పోగుకు తగులుతుంది. ఈ రెండు విధాలా తప్పించుకోజూచేది సుమారు 0.3 మైక్రాన్ల కణం. అందుచేతనే పరీక్ష దానితో చేస్తారు. పుప్పొడి రేణువులు సాధారణంగా 10 మైక్రాన్లకు మించినవి గనుక సులభంగా చిక్కుతాయి. ‘హెపా వంటిది’ అని మాత్రమే వ్రాసిన పొరకు ఈ హామీ లేదు.

రెండవది సామర్థ్యం. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గల గదిలో 1,200 ఘనపుటడుగుల, అనగా సుమారు 34 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. గంటకు ఐదు మార్లు వడపోయవలెనంటే యంత్రం గంటకు 170 ఘనపు మీటర్ల శుద్ధమైన గాలిని ఇవ్వవలెను. యంత్రంపై సి.ఎ.డి.ఆర్. అని వ్రాసే అంకె ఇదే. అంతకు తక్కువైనది ఆ గదికి చాలదు.

మూడవది, ఓజోన్ పుట్టించే యంత్రాన్ని కొనరాదు. ఆ వాయువు ఉబ్బసాన్ని ఇంకా పెంచుతుంది.

యంత్రం గాలిలో తేలే కణాలనే పట్టగలదని మరువరాదు. దుమ్ముపురుగుల విసర్జనలు బరువైనవి. పక్క దులిపినపుడు లేచి, కొద్దిసేపటికే మరల పరుపుపై దిగుతాయి. కావున దుప్పట్లను, గలీబులను వారానికొకసారి 60 డిగ్రీల వేడినీటిలో ఉతకవలెను. నేలను చీపురుతో ఊడ్చుటకంటె తడిగుడ్డతో తుడుచుట మేలు. ఇంటి చుట్టూ వయ్యారిభామను పూతకు రాకముందే పెరికించవలెను; ఎలర్జీ ఉన్నవారు మాత్రం దానిని తాకరాదు.

ఈ పనులకు ఖర్చు స్వల్పం. ముందు వీటిని చేసి, ఆ తరువాతనే పడకగదికి యంత్రాన్ని కొనుట వివేకం. యంత్రం వచ్చినదని వైద్యుడిచ్చిన మందును మాత్రం మానరాదు.