పిడి చేసేవాడి ముక్కు

వంటింటి కత్తికి కొత్త పిడి వేస్తున్నానని చెబితే ఎవరైనా అనే మాట ఒకటే: "వేళ్లు జాగ్రత్త." మంచి మాటే. కానీ అంచు భయం ఒక అట్టముక్కతో, బారెడు మాస్కింగ్ టేపుతో తీరిపోతుంది. అట్టను మడిచి అంచుకు తొడిగి, మొన దాటి ఇంకో అంగుళం ముందుకు వదిలి, పైన టేపు బిగించి చుట్టాలి. పిడి పూర్తయ్యేదాకా విప్పకూడదు. మధ్యలో "ఎలా వచ్చిందో ఒక్కసారి చూద్దాం" అనుకున్నవాళ్లకే కట్లు పడతాయి. ఈ పనిలో అసలు శత్రువులు ధూళి, జిగురు, నూనె గుడ్డ. వాటికి కనబడే అంచు లేదు కాబట్టి ఎవరూ జాగ్రత్త చెప్పరు.

పాతకాలం కత్తికి సన్నటి తోక ఉండేది. కమ్మరి ఆ తోకను కొలిమిలో కాల్చి, పిడి రంధ్రంలో లక్క పొడి పోసి, అందులోకి దించేవాడు. లక్క కరిగి, చల్లారి, గట్టిగా పట్టేది. వదులైతే మళ్లీ కాస్త వేడి చూపిస్తే సరి. ముచ్చటైన పద్ధతే కానీ గ్యాస్ పొయ్యి మీద అనుకరించకండి. తోకకు పెట్టిన వేడి అక్కడే ఆగదు, అంచు వైపు పాకుతుంది. ఉక్కు నీలి రంగుకు తిరిగిందంటే దాదాపు 300 డిగ్రీలు తాకినట్టు. ఆ అంచు పదను పోయినట్టే. ఇక ఎంత సాన పట్టినా టమాటా ముందు సిగ్గుపడుతుంది.

ఇప్పటి కత్తుల్లో చాలావాటికి వెడల్పాటి తోక, దానికి అటూ ఇటూ రెండు చెక్క పలకలు, వాటిని కలుపుతూ ఇత్తడి మేకులు ఉంటాయి. ఇంట్లో చేయడానికి ఇదే సులువు. చెక్క ఏదన్నది తర్వాతి ప్రశ్న. టేకు, నల్లతుమ్మ, ఇరుగుడు మూడూ బాగుంటాయి. ఎర్రచందనం మీద మనసు పోవచ్చు, కానీ బిల్లు లేని ముక్క ఇంట్లో ఉంటే పిడి కంటే ముందు వకీలు కావాలి. అడవిలో రాలి దొరికిన జింక కొమ్మూ అంతే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి జింక దాన్ని తనంతట తానే వదిలేసిందన్న వాదనతో పనిలేదు.

పలకలకు రంధ్రాలు వేసేటప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. కత్తిని ఎడమచేత్తో అదిమిపట్టి, కుడిచేత్తో డ్రిల్లింగ్ మిషన్ దించాను. చెక్కలో బిట్టు హాయిగా దిగింది. తోకలోని రంధ్రం అంచుకు తగిలేసరికి కొరుక్కుని పట్టేసింది. మరుక్షణం కత్తి నా చెయ్యి విదిలించుకుని గిర్రున తిరిగింది. అట్టా టేపూ ఉన్నాయి గనుక అరచేతికి వాత మిగిలింది, అంతే. అప్పటినుంచి క్లాంపులు బిగించందే మిషన్ ముట్టను. తిరిగే మిషన్ దగ్గర చేతికి గ్లౌజు కూడా వద్దు, బిట్టు దాన్ని పట్టుకుంటే లోపలి వేలితో సహా లాక్కుంటుంది. వ్రతం నాడు కట్టుకున్న తోరమైనా సరే, ముందు విప్పి పక్కన పెట్టాలి.

జిగురు పెట్టకముందే చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. పలకల్లో బ్లేడు వైపు ఉండే కొసలను ముందే గుండ్రంగా అరగదీసి నునుపు చేసేయాలి. అతికించాక అక్కడ ఆకురాయి ఆడించారంటే బ్లేడు మీద గీతలు పడతాయి, అవి జన్మలో పోవు.

ఇక ధూళి. చెక్కకు ఆ రంగును, చెద పట్టని గుణాన్ని ఇచ్చేది అందులోని నూనెలూ రసాలూ. చెదపురుగుకు గిట్టనిది మన ముక్కుకు గిట్టాలని రూలేమీ లేదు. ఇరుగుడు జాతి చెక్కల పొడి కొందరి చర్మం మీద దద్దుర్లు లేపుతుంది. చెక్క ధూళిని అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే పొగాకు పొగ ఉన్న మొదటి వర్గంలో చేర్చింది. అది ఏళ్ల తరబడి ధూళి పీల్చిన కార్మికుల ముక్కులు చెప్పిన సంగతి, ఒక్క పిడితో ఎవరికీ ఏమీ కాదు. అయినా వాళ్ల షెడ్డు పెద్దది, మన బాల్కనీ చిన్నది. కంటికి కనబడే రంపపు పొట్టు కిందపడి ఊరుకుంటుంది. కనబడని మెత్తటి పొడి మాత్రం గంటలకొద్దీ గాలిలో ఉండి, తీరిగ్గా ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. దీనికి జేబురుమాలు చాలదు. అంచులు ముఖానికి అతుక్కునే ఎన్95 మాస్కు కావాలి. వీలైనంతవరకు ఆకురాయితో ఆకారం తెచ్చుకుంటే పొడి ముతకగా రాలుతుంది. చివర్లో 220, 400 నంబరు ఉప్పు కాగితాలను, నీళ్లకు ఆగే రకం చూసి, తడిపి రుద్దితే లేచేది మరీ తక్కువ. తర్వాత చీపురుతో ఊడవకండి. కష్టపడి కింద కూర్చోబెట్టినదాన్ని మళ్లీ లేపినట్టవుతుంది. తడిగుడ్డతో తుడవండి.

రెండు ట్యూబుల ఎపాక్సీ జిగురు గట్టిపడేదాకా చర్మానికి మంచిది కాదు. పదిసార్లు ఏమీ చేయదు, పదకొండోసారి దురద మొదలవుతుంది. ఒకసారి పడకపోవడం మొదలైతే అది ఇక వదలదు. నైట్రైల్ గ్లౌజు వేసుకునేది ఇక్కడ, మిషన్ దగ్గర కాదు. చేతికి అంటితే ఎసిటోన్‌తో కడగొద్దు, సబ్బునీళ్లు చాలు. ఎసిటోన్ పని వేరే: అతికించేముందు ఇరుగుడులాంటి జిడ్డు చెక్కను దానితో తుడిస్తే జిగురు పడుతుంది. ఆ సీసా దగ్గర అగరొత్తి కూడా వెలగకూడదు. క్లాంపును పళ్లబిగువున బిగిస్తే జిగురంతా బయటికి కారిపోయి, పట్టాల్సిన చోట ఏమీ మిగలదు. ఒక రోజంతా ఆగాలి. సగం ఆరిన జిగురును అరగదీస్తే ఆ పొడి చెక్కపొడి కంటే చెడ్డది.

ఆఖరున నూనె. ఇంట్లో అందరూ కొబ్బరినూనె అంటారు. అది ఆరదు, జిడ్డుగా ఉండిపోతుంది. అవిసె నూనె ఆరుతుంది, పిడికి మంచి నిగారింపు ఇస్తుంది. చిక్కల్లా ఆరే తీరులోనే ఉంది. అది నీరులా ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతూ వేడి పుట్టిస్తుంది. పిడి మీద ఆ వేడి తెలియదు. అదే నూనె పీల్చిన గుడ్డను ఉండచుట్టి చెత్తబుట్టలో పడేస్తే వేడికి పోయే దారి ఉండదు. పెరిగి పెరిగి, అగ్గిపుల్ల అవసరం లేకుండా, అందరూ పడుకున్నాక అంటుకుంటుంది. అందుకే మా ఇంట్లో నూనె గుడ్డలు బాల్కనీ దండెం మీద విడివిడిగా, మడత లేకుండా ఆరతాయి. రెండు రోజులకు బిర్రబిగుసుకుంటాయి. ఎదురు ఫ్లాటు పిన్నిగారు మొన్న అడిగారు, "ఏం నాయనా, ఈసారి అప్పడాలు నల్లగా వచ్చాయేం?" అని.