హాజరుపట్టీలోని మారుపేర్లు

ప్రతిదినము ఉదయమున ప్రార్థన ముగియగానే హాజరుపట్టీ తెరచి పేర్లు పిలుచుట ఉపాధ్యాయుని మొదటి పని. పిలిచిన పేరునకు బదులు పలికినవాడు ఆ పేరుగల బాలుడే యని మనము సందేహింపము. కాని ఫ్రాన్సు దేశమందలి యొక కొండపల్లెలో 1940 మొదలు 1944 వరకు ఉపాధ్యాయులు పేర్లు పిలుచుచు, వానిలో కొన్ని నిజమైన పేర్లు కావని తెలిసియు, ఏమియు తెలియనట్లు పాఠములు చెప్పుచుండిరి. ఆ మారుపేర్ల పిల్లలు యూదులు. నిజమైన పేరు బయటపడిన దినమున వారు తమ ప్రాణములపై ఆశ వదలుకొనవలసినదే.

ఆ పల్లె పేరు లె షాంబోన్. దాని కథ చెప్పుటకు ముందు ఆ కాలపు సంగతులు కొన్ని చెప్పవలసియున్నది. హిట్లరు 1933 జనవరి 30వ తేదీన జర్మనీలో అధికారమునకు వచ్చెను. కొలది నెలలలోనే అతని మాటయే శాసనమాయెను. యూదులైన ఉపాధ్యాయులును న్యాయాధిపతులును ఉద్యోగములనుండి తొలగింపబడిరి. 1935లో నురెంబర్గు శాసనములు యూదుల పౌరసత్వమును తీసివేసెను. 1938 నవంబరులో వారి సమాజమందిరములు వందలకొలది తగులబెట్టబడెను. యుద్ధము ముగియునప్పటికి యూరపు ఖండమున సుమారు 60 లక్షలమంది యూదులు చంపబడిరి. జర్మనీలో అత్యధిక సంఖ్యాకులు బాప్తిస్మము పొందినవారే. ఆదివారమున గుడికి పోయి సోమవారమున యూదుని అంగడిమెట్టు ఎక్కుట మానిన క్రైస్తవులు లెక్కకు మించియుండిరి. యూదులపై ద్వేషమును అనేక శతాబ్దములుగా బోధించినవారిలో సంఘపెద్దలును ఉండిరి. క్రైస్తవుల ధైర్యమును గూర్చి వ్రాయబూనిన నేను ఈ మాట ముందుగా ఒప్పుకొనక తప్పదు.

1940 జూన్ నెలలో ఫ్రాన్సు ఓడిపోయెను. ఉత్తరభాగమును జర్మనులు ఆక్రమించిరి. దక్షిణభాగమును విషీ పట్టణమునుండి మార్షల్ పెతేన్ అను వృద్ధ సేనాని పాలించుచుండెను. ఈ ప్రభుత్వము జర్మనుల బలవంతము లేకయే 1940 అక్టోబరు 3వ తేదీన యూదులను ఉద్యోగములనుండి వెడలగొట్టు శాసనమును చేసెను. పరదేశములనుండి పారివచ్చిన యూదులను గుర్స్, రివ్‌సాల్ట్ మొదలగు చోట్ల ముండ్లతీగల నడుమ శిబిరములలో నిర్బంధించిరి. అచ్చట ఆకలిచేతను చలిచేతను వృద్ధులును శిశువులును మరణించుచుండిరి.

లె షాంబోన్ గ్రామము దక్షిణ మధ్య ఫ్రాన్సులో, సముద్రమట్టమునకు సుమారు 3,000 అడుగుల ఎత్తున, లిన్యోన్ అను చిన్న నదియొద్ద నున్నది. చలికాలమున మంచు త్రోవలను కప్పివేయును. గ్రామస్థులలో పెక్కుమంది ప్రొటెస్టంటులు. 1685లో పదునాలుగవ లూయీ రాజు వారి మతస్వాతంత్ర్యమును రద్దుచేసినప్పుడు వారి పితరులు కొండలలోను అడవులలోను రహస్యముగా ఆరాధన జరుపుకొనిరి. మారీ దురాన్ అను యువతి తన విశ్వాసమును విడువనందున 1730 మొదలు 1768 వరకు, అనగా 38 సంవత్సరములు, ఏగ్ మోర్త్ పట్టణపు గోపురములో బందీగా నుండెను. విశ్వాసమును విడిచితినని ఒక్కమాట చెప్పినచో ఆమె విడుదల పొందియుండును. ఎదిరించుము అను అర్థముగల మాట యొకటి ఆ గోపురపు రాతిమీద చెక్కబడియున్నది. అది ఆమె చేతి వ్రాతయే యని చెప్పుదురు. ఇట్టి కథలు వినుచు పెరిగిన పిల్లలకు, తరుమబడినవాడు తలుపు తట్టిన యెడల ఏమి చేయవలెనో వేరుగ నేర్పనక్కరలేదు. గ్రామము చుట్టునున్న సేద్యగాండ్రలో డార్బీ అను బోధకుని అనుచరులు కొందరుండిరి. వీరు మన గోదావరి ప్రాంతమున బ్రదరన్ సంఘస్థులని పిలువబడువారికి విశ్వాసమున దగ్గర బంధువులు. బైబిలు తప్ప వేరొక గ్రంథము ముట్టని ఈ రైతులకు యూదులనగా ఆ గ్రంథములోని జనులే.

ఆంద్రె త్రోక్మే అను పాస్టరుగారు 1934లో ఈ గ్రామమునకు వచ్చిరి. ఆయన 1938లో తన సహచరుడైన ఎదువార్ తేస్ గారితో కలిసి అచ్చట నొక ఉన్నత పాఠశాలను స్థాపించెను. తేస్ గారు దానికి ప్రధానోపాధ్యాయులు. పాస్టరుగారి భార్య మాగ్దా ఇటలీ దేశస్థురాలు. ఆమె ఇటాలియను భాష బోధించుచుండెను. సంధిపత్రముపై సంతకములు పడిన మరునాడు, 1940 జూన్ 23న, ఆ ఇద్దరు పాస్టర్లును ఆరాధనలో ప్రకటించిన సంగతి యేమనగా, మన మనస్సాక్షిపై బలాత్కారము జరిగినపుడు ఆత్మసంబంధమైన ఆయుధములతో ఎదిరించుట క్రైస్తవుల విధి. ద్వేషము లేకుండ, భయము లేకుండ, అహంకారము లేకుండ ఎదిరింపవలెను.

మొదట ఎదిరింపు చిన్న సంగతులలోనే జరిగెను. పాఠశాలలో ప్రతి ఉదయము జెండాకు వందనము చేయవలెనని ఆజ్ఞ రాగా వారు చేయలేదు. మార్షలు గౌరవార్థము దేవాలయపు గంట మ్రోగింపుమని కొందరు వచ్చినప్పుడు, గంట కొట్టు స్త్రీ ఆ గంట దేవునిదిగాని మార్షలుది కాదని చెప్పి వారిని పంపివేసెను. ఆమె విద్యావతి కాదు, అధికారము గలదియు కాదు.

1940-41 చలికాలమున నొక సాయంకాలము మాగ్దా వంట చేయుచుండగా తలుపు చప్పుడాయెను. తెరచి చూడగా మంచులో తడిసి వణకుచున్న జర్మను స్త్రీ యొకతె నిలిచి, లోనికి రావచ్చునా యని అడిగెను. రావచ్చునని మాగ్దా చెప్పెను. ఆమె యూదురాలు. తడిసిన ఆమె బూట్లను ఆరుటకు పొయ్యిలో నుంచి, మాగ్దా ఆమెకొరకు కాగితములు సంపాదింపవలెనని గ్రామాధికారియొద్దకు పరుగెత్తెను. ఆయన సహాయము చేయకపోగా, పరదేశపు యూదులను చేర్చుకొన్నచో గ్రామమునకే ముప్పు వచ్చునని కోపించి, ఆమెను వెంటనే పంపివేయుమనెను. తిరిగి వచ్చునప్పటికి బూట్లు పొయ్యిలో మాడిపోయియుండెను! బూట్లు దొరకుటయే కష్టమైన ఆ కాలమున మాగ్దా ఇల్లిల్లు తిరిగి వేరొక జత సంపాదింపవలసివచ్చెను. గొప్ప కార్యములను గూర్చి చదువునపుడు మనము ఇట్టి సంగతులను దాటిపోవుదుము. నాకైతే మాడిన బూట్లే ఎక్కువగా జ్ఞాపకముండును. ఆ రాత్రినుండి మాగ్దా అధికారుల అనుమతికై వేచియుండలేదు.

తరువాత అమెరికా దేశపు క్వేకరులును స్విట్జర్లండు దేశపు సహాయసంఘమువారును శిబిరములనుండి పిల్లలను విడిపించి గ్రామమునకు పంపసాగిరి. వారికొరకు వసతిగృహములు ఏర్పడెను. రైతులు తమ యిండ్లలో ఒకరినిగాని ఇద్దరినిగాని ఉంచుకొనిరి. పాతనిబంధన గ్రంథములు ఇన్ని పంపుచున్నామని కబురు వచ్చినచో అంతమంది యూదులు వచ్చుచున్నారని అర్థము. ఒక యింటివారు ఎవరిని దాచిరో పొరుగింటివారు అడుగరు. ఏ రహస్యసంఘము లేదు, సభ్యుల జాబితా లేదు. పోలీసులు వచ్చుచున్నారని కొన్నిసార్లు పేరు చెప్పనివారెవరో పాస్టరుగారి యింటికి టెలిఫోనుచేసి హెచ్చరించుచుండిరి. అప్పుడు పిల్లలు అడవిలోనికి పోవుదురు. పోలీసులు వెళ్లిన తరువాత గ్రామస్థులు అడవియంచున నిలిచి పాట పాడుదురు. అది విన్నవారు తిరిగి వత్తురు.

1942 జూలై 16, 17 తేదీలలో పారిస్ నగరమున ఫ్రెంచి పోలీసులే సుమారు 13,000 మంది యూదులను పట్టుకొనిరి. వారిలో 4,000 మందికి పైగా పిల్లలు. మరుసటి నెలలో విషీ ప్రభుత్వపు యువజన మంత్రి లె షాంబోన్ చూడవచ్చెను. అప్పుడు పాఠశాల విద్యార్థులు ఆయన చేతికొక పత్రమిచ్చిరి. మా నడుమ యూదులున్నారు. మేము వారికిని ఇతరులకును భేదము చూపము, అట్లు చూపుట సువార్తకు విరుద్ధము. వారిని పట్టుకొనుటకు ఆజ్ఞ వచ్చినచో వారిని దాచుటకు మాకు చేతనైనంత చేయుదుము అని అందులోని సారాంశము. అధికారి యెదుట ఆ కాగితము పట్టుకొని నిలిచినవారు మన పై తరగతుల వయస్సువారే. కొన్ని దినములలోనే పోలీసులు బస్సులతో వచ్చి యూదుల జాబితా ఇమ్మని పాస్టరుగారిని అడిగిరి. యూదులెవరో మాకు తెలియదు, మనుష్యులనే మేమెరుగుదుము అని చెప్పి ఆయన నిరాకరించెను. ఎంత వెదకినను ఒక్క మనుష్యుడు దొరికెను. అతడు బస్సులో ఒంటరిగా కూర్చుండగా పాస్టరుగారి కుమారుడు తనయొద్ద మిగిలిన చాకొలెట్టు ముక్క నతనికిచ్చెను. చూచినవారందరును తమ యిండ్లనుండి తినుబండములు తెచ్చి బస్సులో ఉంచిరి. అతడు పిమ్మట విడుదలయ్యెను.

ఇక మారుపేర్ల సంగతి. ఆహారమంతయు కార్డులమీద ఇచ్చుకాలమది. కార్డు లేనివానికి రొట్టెముక్క దొరకదు. కార్డులో యూదుడని యున్నవాడు పట్టుబడును. కావున దొంగకార్డులు తయారుచేయవలసివచ్చెను. ఈ పనిలో ఆరితేరినవాడు 18 ఏండ్ల యూదుబాలుడు, టైపురైటర్లు బాగుచేయు పని తెలిసినవాడు. విచారించుటకు వీలుకాని ఊరిని జన్మస్థలముగా వ్రాసి, ముద్రలు దిద్ది, ఆ కాగితములను ఒక రైతు తేనెటీగల పెట్టెలలో దాచుచుండెను.

సత్యము పలుకుడని బోధించు పాస్టర్లు దీని కెట్లు సమ్మతించిరి? వామనచరిత్రలో శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి బొంకదగిన సమయములను చెప్పు పద్యము మన విద్యార్థులలో రానివారుండరు. ప్రాణరక్షణము వానిలో నొకటి. నిర్గమకాండములో షిఫ్రా, పూయా యను మంత్రసానులు ఫరోకు నిజము చెప్పక హెబ్రీ శిశువులను బ్రదికించిరి. దేవుడు వారికి మేలుచేసెను. అయినను మాగ్దా ఈ దృష్టాంతములతో తృప్తిపడినది కాదు. చాల సంవత్సరముల తరువాతకూడ ఆ దొంగకార్డుల తలంపు ఆమె మనస్సును బాధించుచుండెను. ఆమె అబద్ధమునకు వేరొక పేరు పెట్టలేదు. తప్పించుకొనుటకు అబద్ధమాడు బాలునికి నేను శిక్ష వేయుదును, ఇకమీదటను వేయుదును. ఆ గ్రామస్థుల అబద్ధమువలన వారికి వచ్చు లాభమేమియు లేదు. పట్టుబడినచో చెరసాల వారిదే.

1943 ఫిబ్రవరి 13న సాయంకాలము పాస్టర్లను, బాలుర పాఠశాల ప్రధానోపాధ్యాయులైన రోజే దార్సిసాక్ గారిని పోలీసులు పట్టుకొనిరి. పాస్టరుగారి యింట భోజనవేళ యైనందున మాగ్దా ఆ పోలీసులకును వడ్డించెను. ఎట్లు చేయగలిగితివని తరువాత అడిగినవారికి, భోజనవేళకు వచ్చిరి గనుక భోజనము పెట్టితినని ఆమె జవాబు. సుమారు నెలదినములు శిబిరములో నుంచిన పిమ్మట, మార్షలు ఆజ్ఞలకు లోబడుదుమని వ్రాసియిచ్చినచో విడిచెదమనిరి. పాస్టర్లిద్దరును సంతకము చేయలేదు. అయినను వారిని మరునాడు విడిచిపెట్టిరి.

అందరును ఇట్లు తిరిగి రాలేదు. పాస్టరుగారి జ్ఞాతి దానియేల్ త్రోక్మే ఉపాధ్యాయుడు, గుండె బలహీనమైనవాడు. 1942లో గ్రామమునకు వచ్చి పిల్లల వసతిగృహము నొకదానిని చూచుచుండెను. తరువాత పెద్ద విద్యార్థులుండు రోష్ గృహముకూడ ఆయన విచారణలోనికి వచ్చెను. రాత్రులందు మేల్కొని పాత మోటారు టైర్ల ముక్కలతో పిల్లల బూట్లకు అడుగులు వేయుచుండెను. 1943 జూన్ 29వ తేదీ ఉదయమున జర్మను రహస్యపోలీసులు రోష్ గృహమును చుట్టుముట్టి, ఆయనకొరకు మరియొక గృహమునకు మనుష్యులను పంపిరి. వెనుకనున్న అడవిలోనికి పారిపోవుటకు ఆయనకు వీలుండెను. తన విద్యార్థులు పట్టుబడిరని తెలిసి పారిపోక వారితోకూడ వెళ్లెను.

సంగతి విన్న మాగ్దా తువ్వాలు కట్టుకొన్న వంటవేషముతోనే రోష్ గృహములో ప్రవేశించెను. పనిమనిషి యనుకొని జర్మనులు ఆమెను వంటయింటిలో ఉండనిచ్చిరి. విద్యార్థులను ఒక్కొక్కరిని విచారణకు తీసికొనిపోవుచుండగా వారు ఆమె చెవిలో తలిదండ్రుల చిరునామాలు చెప్పిరి. అచ్చటి స్పెయిను దేశపు విద్యార్థి యొకడు కొంతకాలము క్రితము నదిలో మునిగిపోవుచున్న జర్మను సైనికుని రక్షించియుండెను. దానియేల్ ఆ సంగతి జ్ఞాపకము చేయగా మాగ్దా సైకిలెక్కి గ్రామములోని హోటలునకు పోయి, అచ్చట విశ్రాంతి తీసికొనుచున్న జర్మను అధికారులను సాక్ష్యమునకు పిలుచుకొనివచ్చెను. ఆ యొక్కనిని విడిచిరి. దానియేల్‌తో కూడ 18 మంది విద్యార్థులను లారీలలో ఎక్కించిరి. తాను ఇచ్చట మిక్కిలి సంతోషముగా నుంటినని, ప్రయాణమనిన తనకిష్టమని, స్నేహితులతోనే పోవుచున్నానని తన తలిదండ్రులకు చెప్పుమని ఆయన మాగ్దాను కోరెను. యూదుల పక్షము మాటలాడినందున నీవును యూదుడవేయని మూలేన్ చెరసాలలో ఆయనను ఒత్తిడిచేసిరి. పోలండు దేశములోని మైదానెక్ శిబిరమున 1944 ఏప్రిలు నెలలో ఆయన మరణించెను. విద్యార్థులలోను తిరిగి రానివారున్నారు.

ఆ గ్రామమును దాని చుట్టుప్రక్కల పల్లెలును సుమారు 5,000 మందికి ఆశ్రయమిచ్చెనని, వారిలో 3,000 మొదలు 3,500 వరకు యూదులని అంచనా. యెరూషలేములోని యాద్ వాషెమ్ సంస్థ ఆంద్రె త్రోక్మే గారిని 1971లోను, దానియేలును 1976లోను, గ్రామమంతటిని 1990లోను గౌరవించెను. గ్రామస్థులు ఈ గౌరవములకు కొంత సిగ్గుపడిరి. తలుపు తట్టిరి, తెరచితిమి, ఇందు చెప్పుకొనుటకేమున్నదని వారి మాట.

1944 సెప్టెంబరునకు ఆ ప్రాంతము విముక్తి పొందెను. పిల్లలు తమ నిజమైన పేర్లు చెప్పుకొనవచ్చునని తెలిసెను. చాలకాలము పలుకని పేరు కావున కొందరికి పిలిచినను వెంటనే తోచదు. వారు తలిదండ్రులకొరకు ఎదురుచూడసాగిరి. ఫ్రాన్సునుండి తూర్పుదేశపు శిబిరములకు రైళ్లలో పంపబడిన యూదులు సుమారు 76,000 మంది. వారిలో తిరిగి వచ్చినవారు సుమారు 2,500 మంది. శిబిరములనుండి తల్లి వ్రాసిన కడపటి ఉత్తరమును దాచుకొనిన పిల్లలు, మరియొక ఉత్తరము వచ్చునేమోయని ఆ చలికాలమంతయు తపాలావాని త్రోవ చూచుచుండిరి.