పశువుల మందు – బిడ్డల ఆరోగ్యము

మన మూకండపల్లివారికి పాడియు, కోళ్ళ పెంపకమును క్రొత్తవి కావు. హోసూరు చెంత మత్తిగిరిలో 1824 నుండియు పశుక్షేత్రము కలదు. కావున ఈ విషయమును తల్లిదండ్రుల యెదుట నుంచుచున్నాము.

తెలుగువారైన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనకు అధ్యక్షులుగా నుండిన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలనుండి 1948లో ఆరియోమైసిన్ అను సూక్ష్మజీవినాశక ఔషధము వెలువడెను. దానిని మేతలో కొంచెము కలిపినచో కోడిపిల్లలు త్వరగా పెరుగునని 1950లో అచ్చటివారే తెలిపిరి. ఆ పద్ధతి అనేక దేశములకు వ్యాపించెను.

చిక్కు ఇందే కలదు. మందు స్వల్పముగా తగిలినపుడు బలహీనమైన క్రిములు చచ్చును. ఓర్చుకొన్నవి మిగిలి వృద్ధిపొందును. ఆ శక్తిని అవి ఇతర క్రిములకును పంచిపెట్టగలవు. పేడ, నీరు, మాంసముల ద్వారా అవి మనలను చేరినచో, రేపు బిడ్డకు జబ్బు చేసినపుడు వైద్యుడిచ్చు మందు పనిచేయకపోవచ్చును.

కొలిస్టిన్ వైద్యులకు కడపటి ఆధారమైన మందులలో నొకటి. దానికి లొంగనీయని జన్యువొకటి చైనాలో పందులయందును, రోగులయందును కనబడినట్లు 2015లో వెల్లడియయ్యెను. భారత ప్రభుత్వము 2019లో ఆహారమునకై పెంచు జంతువులకు ఆ మందును నిషేధించెను.

చట్టమొక్కటే చాలదు. పశువైద్యుడు చెప్పనిదే మందు వాడరాదు. చెప్పిన దినములు నిండకయే మానరాదు. మందిచ్చిన ఆవు పాలను గడువు తీరువరకు అమ్మరాదు, బిడ్డలకు పోయరాదు. కాచినచో క్రిములు చచ్చును గాని, పాలలోని మందు పూర్తిగా పోదు. మాంసమును, గ్రుడ్లను బాగుగ ఉడికింపవలెను. చేతులు కడుగుకొనుట మేము బడిలో నేర్పుదుము. ఇంటను మీరు చూడవలెను.

పెద్దలు సంపాదించి యిచ్చిన మందు మన బిడ్డల కాలమునను పనిచేయునట్లు కాపాడుట మనందరి విధి.